పని మానినా ఇ.ఎస్.ఐ. ఉంటుంది

నూలు మిల్లులో ఇరవై రెండేళ్లు పనిచేసిన ఒక కార్మికుడు ఉన్నాడనుకోండి. అతనికి 58 ఏళ్లు నిండాయి. మిల్లులో దండ వేశారు, శాలువా కప్పారు. ఇంటికొచ్చాడు. భార్య ఆ శాలువా మడతపెడుతూ ఒక మాట అడిగింది.

"ఏమయ్యా, ఇక నా షుగరు మాత్రలు ఎక్కడ తెచ్చుకోవాలి?"

అతని దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ ఆ మాత్రలు ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీలో ఇచ్చేవారు. పని పోయింది గాబట్టి కార్డు కూడా పోయినట్టే అనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుని మందుల షాపులో డబ్బు పోసి కొంటారు. కానీ అది నిజం కాదు.

ఇ.ఎస్.ఐ. అంటే కార్మిక రాజ్య బీమా. దీని కోసం 1948లో చట్టం చేశారు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాల్లో బీమా మొదలైంది. తర్వాత మన ఊళ్లకూ వచ్చింది. హైదరాబాదులో సనత్‌నగర్ ఆసుపత్రి, విజయవాడలో గుణదల ఆసుపత్రి ఈ బీమావే.

ఇది ఎవరో దయతలచి పెట్టింది కాదు. కార్మికుడి జీతంలో నూటికి 75 పైసలు కోస్తారు. యజమాని నూటికి 3 రూపాయల 25 పైసలు కలుపుతాడు. 2019 జూలై నుంచి ఉన్న లెక్క ఇది. నెలకు 14,000 రూపాయల జీతమైతే కార్మికుడి వంతు 105 రూపాయలు, యజమాని వంతు 455 రూపాయలు.

మరి రిటైరైన వారు ఎంత కట్టాలి? ఏడాదికి 120 రూపాయలు. నెలకు పది రూపాయలన్నమాట. ఏడాది డబ్బు ఒకేసారి, ముందుగానే కట్టాలి. అప్పుడు అతనికీ భార్యకూ ఆ ఏడాది ఇ.ఎస్.ఐ.లో వైద్యం చేస్తారు. రిటైరైనది ఆడమనిషి అయితే ఆమెకూ భర్తకూ చేస్తారు. పిల్లలకు మాత్రం ఉండదు.

అయితే ఇది అందరికీ రాదు. వయసు నిండి రిటైరై ఉండాలి. లేదా వి.ఆర్.ఎస్. తీసుకునో, ముందస్తుగానో రిటైరై ఉండాలి. కోపమొచ్చి మధ్యలో పని మానేస్తే రాదు. ఇంకొకటి, కనీసం ఐదేళ్లు బీమాలో ఉండాలి.

ఈ ఐదేళ్ల దగ్గరే చిక్కంతా. కార్మికుడు ఒక మిల్లు వదిలి ఇంకో మిల్లులో చేరతాడు. పాత బీమా నంబరు చెప్పడు. కొత్త చోట కొత్త నంబరు ఇస్తారు. మూడేళ్లు ఒక నంబరులో, మూడేళ్లు ఇంకో నంబరులో ఉండిపోతాయి. మనిషి ఎన్ని చోట్ల పనిచేసినా నంబరు ఒక్కటే ఉండాలి. కొందరు కాంట్రాక్టర్లు ఇంకో పని చేస్తారు. జీతంలో చందా కోస్తారు, ఆఫీసులో కట్టరు. జీతం చీటీ మడిచి జేబులో పెట్టుకోకండి, చదవండి. ఇ.ఎస్.ఐ. కింద ఎంత కోశారో చూడండి. అది ఆఫీసుకు చేరిందో లేదో, రిటైరు కావడానికి ఏడాది ముందే బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడగండి. పనిలో ఉన్నప్పుడైతే యజమానిని నిలదీయవచ్చు. రిటైరయ్యాక గేటు దగ్గర వాచ్‌మన్ కూడా లోపలికి రానివ్వడు గదా!

మిల్లు నుంచి వచ్చేటప్పుడు ఒక కాగితం తప్పక తీసుకోవాలి. ఫలానా తేదీన రిటైరయ్యాడని యజమాని సంతకం, ముద్ర వేసి ఇచ్చే కాగితం అది. దానితోపాటు బీమా నంబరు, భార్యాభర్తల ఫోటోలు, ఆధార్ కార్డులు పట్టుకుని ఇ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసుకు వెళ్లాలి. డబ్బు కట్టిన రశీదు పారేయకూడదు.

పని మానిన తర్వాత కూడా పాత చందా మీద కొన్నాళ్లు వైద్యం అందవచ్చు. దాన్ని నమ్ముకుని ఊరుకుంటే ఒకరోజు డిస్పెన్సరీలో మందులు లేవు పొమ్మంటారు. జబ్బు చేశాక కాగితాల కోసం తిరగడం ఎంత కష్టమో ఆ రోజు తెలుస్తుంది.

శాలువా కప్పించుకున్న కార్మికుడు నెలలోపే ఆఫీసుకు వెళ్లాడు. మిల్లు కాగితం మీద ముద్ర లేదన్నారు. మళ్లీ మిల్లుకు వెళ్లి ముద్ర వేయించుకొచ్చాడు. 120 రూపాయలు కట్టాడు. గడువు ఏ తేదీతో తీరుతుందో భార్య రశీదులో కూడబలుక్కుని చదివింది. ఆ తేదీని బీరువా తలుపు లోపలి వైపు పెద్ద అంకెలతో రాసి పెట్టింది.