సాయం చేసే కుక్కకు దుకాణంలో చోటు

సహాయక కుక్కలు చూపు లేనివారికి దారి చూపడం వంటి పనుల్లో శిక్షణ పొందినవి. దగ్గరుండి మనసుకు ఊరటనిచ్చే జంతువులు వేరు. వాటికి అలాంటి శిక్షణ అక్కర్లేదు. అమెరికాలో 2011 నుంచి అమలవుతున్న నిబంధనలు ఈ తేడా పాటిస్తాయి: మొదటి రకాన్ని దుకాణం రానివ్వాలి, రెండో రకానికి ఆ హక్కు లేదు.

భారత్‌లో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వివక్షను నిషేధించింది. 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు మాత్రం ఆహార పదార్థాలు ఉండే చోటికి జంతువులు రాకూడదంటాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో బయట నిలబడి సరుకు అడిగే కిరాణా దుకాణంలో ఈ చిక్కు లేదు; లోపల తిరిగి ఎంచుకునే సూపర్‌మార్కెట్‌లోనే వస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతవాసులకైతే అంతకన్నా ముందు మెట్లు లేని గడప కావాలి. అదీ దుకాణంలోకి వెళ్లే హక్కే.

శిక్షణ పొందిన కుక్కను రానివ్వడమే న్యాయం. పట్టీ ఉండాలి, విడిగా అమ్మే తిండి పదార్థాలకు దూరంగా ఉంచాలి. అది ఏ పని చేస్తుందో దుకాణదారు మర్యాదగా అడగవచ్చు. అదుపు తప్పితే కుక్కను బయటికి పంపి, మనిషికి కావాల్సిన సరుకు అందించాలి.