పునర్విన్యాస ఉత్పత్తి వ్యవస్థలు: సిరిసిల్ల సాంచాల పరిశీలన

ఉపోద్ఘాతం:

ఉత్పత్తి వ్యవస్థల రూపకల్పనను బోధించే పాఠ్యగ్రంథాలలో ఉదాహరణలు సాధారణంగా మోటారు వాహనాల పరిశ్రమ నుండే వస్తాయి. తయారుచేయవలసిన వస్తువు మారినప్పుడు యంత్రసముదాయం ఎంత త్వరగా, ఎంత తక్కువ నష్టంతో మారగలదన్నది అక్కడి ప్రశ్న. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమై, 2016 నుండి వేరు జిల్లాకు కేంద్రమైన సిరిసిల్లలో ఈ ప్రశ్న నేత కార్మికుని కూలికి నేరుగా తగులుతుంది. అక్కడి వాడుకలో మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. ఆ సాంచాను ఆధారంగా చేసుకొని ఈ భావనను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భావన:

ఒకే వస్తువును భారీగా తయారుచేసే అంకిత వ్యవస్థ ఒక కొన. కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ కాగితపు మిల్లు వంటివి ఈ కోవకు చెందుతాయి. రెండవ కొనకు ఉదాహరణ ఆదిలాబాద్ ప్రాంతపు ఓజుల డోక్రా పోతపని. మట్టి దిమ్మెపై మైనపు తీగలతో రూపం అల్లి, పైన మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగిలితేనే బొమ్మ బయటికి వస్తుంది కనుక ప్రతి బొమ్మకూ కొత్త అచ్చు తప్పదు. ఇక్కడ సరళత సంపూర్ణం, వేగం స్వల్పం.

1960లలో బ్రిటన్‌లోని మోలిన్స్ సంస్థకై థియో విలియమ్సన్ రూపొందించిన 'సిస్టమ్ 24' మొదలుకొని కంప్యూటర్ నియంత్రిత సరళ ఉత్పత్తి వ్యవస్థలు ఈ రెండు కొనలను కలపడానికి ప్రయత్నించాయి. అయితే వాడని సామర్థ్యానికి కూడా వెల చెల్లించవలసి రావడం వాటి లోపం. మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోరమ్ కోరెన్, సహరచయితలతో కలిసి 1999లో ప్రతిపాదించిన పునర్విన్యాస ఉత్పత్తి వ్యవస్థ ఇందుకు భిన్నమైనది. అన్ని వస్తువులకూ కాక ఒక వస్తుకుటుంబానికి మాత్రమే తగిన సరళతను అది కోరుతుంది. దాని లక్షణాలలో రెండు మనకిక్కడ ముఖ్యం: ఉత్పత్తి పరిమాణాన్ని పెంచ, తగ్గించగల వీలు, ఒక వస్తువు నుండి మరొక వస్తువుకు మారగల వీలు.

సాంచా మారేదెట్లా?

మొదటి లక్షణం సిరిసిల్లకు సహజంగానే ఉన్నది. కొద్దిపాటి సాంచాలు గల చిన్న కార్ఖానాలు అనేకం ఉండటం వలన ఆర్డరు పెరిగితే మరికొన్ని నడుస్తాయి, తగ్గితే ఆగుతాయి. ఆగిన సాంచా వెంట కూలి కూడా ఆగుతుందన్న సంగతి సిద్ధాంతగ్రంథాలలో కనిపించదు.

రెండవది కష్టం. 48 అంగుళాల పన్నా, అంగుళానికి 60 పోగులు అనుకుంటే పడుగులో 2,880 పోగులు. కొత్త బీము ఎక్కించి, ఒక్కొక్క పోగును పాత పోగుకు ముడివేయడానికి 5 సెకన్లు పడుతుందనుకుంటే మొత్తం 4 గంటలు. నిమిషానికి 120 పేకలు వేసే సాంచాపై, అంగుళానికి 50 పేకల చొప్పున, ఆ 4 గంటలలో దాదాపు 14.6 మీటర్ల గుడ్డ నేయవచ్చు. 1,000 మీటర్ల బీముకు నేత కాలం సుమారు 273 గంటలు కనుక ఈ ఆలస్యం మొత్తం కాలంలో ఒకటిన్నర శాతం లోపే. 100 మీటర్ల ఆర్డరుకు అది దాదాపు 13 శాతం అవుతుంది. ఇవి లెక్క కోసం ఎంచుకున్న అంకెలే అయినా నిష్పత్తి స్వభావం మారదు.

పైగా ముడి సరిపోవాలంటే కొత్త పడుగు పాతదాని వరుసలోనే ఉండాలి. పోగుల సంఖ్యో, అల్లిక క్రమమో మారితే ప్రతి పోగునూ హీల్డు కంటిలో నుండి, రీడు పళ్ల సందులో నుండి మళ్లీ లాగవలసిందే. కాబట్టి నేతలో వస్తుకుటుంబాన్ని నిర్ణయించేది రంగు కాదు, పేక నూలు కాదు. హీల్డు, రీడుల అమరిక. ఒకే అమరికపై పేక రంగు, అంచు పోగుల రంగు మార్చి ఎన్నో రకాలు తీయవచ్చు. మామూలు సాంచాకు డాబీ తగిలించడం ఈ కుటుంబాన్ని విస్తరింపజేసే చేర్పు. సాంచాను పారవేయకుండానే అల్లిక అవకాశాలు పెరుగుతాయి. నా దృష్టిలో సిరిసిల్లలో కనిపించే అసలైన పునర్విన్యాసం ఇదే.

2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఈ దృష్టితో చూడదగినది. పాలిస్టర్ గుడ్డకు అలవాటుపడిన సాంచాలు చీరలకు మళ్లాయి. తరువాత డాబీ అంచులూ వచ్చాయి. కానీ కొనుగోలుదారు ఒక్కరే, పండుగ ఒక్కటే. 2024లో ఆ పంపిణీ జరగకపోవడంతో చీరలకై చేసుకున్న అమరికకు పని లేకపోయింది. తరువాత మహిళా స్వయం సహాయక సంఘాల చీరల ఆర్డరు వచ్చింది. యంత్రం మారగలిగినా, దానిని మరొక గిరాకీకి మళ్లించే మార్కెట్టు లేకపోతే ఆ వీలు ఖాళీగానే ఉంటుంది.

మరొక చిక్కు కూలి పద్ధతిది. నేసిన గుడ్డ కొలతను బట్టి కూలి లెక్కించే చోట, మార్పిడికి పట్టే 4 గంటలకు నేత కార్మికునికి దక్కేది శూన్యం. అంటే సరళత ఖర్చును భరించేది అతడే. రకాలు పెరిగేకొద్దీ ఈ భారం పెరుగుతుంది. కొత్త నమూనాలను అతడు ఇష్టపడకపోవడాన్ని నైపుణ్యలోపంగా భావించరాదు. మార్పిడి గంటలకు విడిగా రేటు నిర్ణయించడం, కొన్ని కార్ఖానాలు కలిసి ఒక ముడివేత యంత్రాన్ని వాడుకోవడం రూపకల్పనలో భాగమే. ముడివేత యంత్రం పాత అమరిక కొనసాగినప్పుడు మాత్రమే కాలాన్ని ఆదా చేస్తుంది. అమరిక మారిన రోజున మళ్లీ చేతులే పోగులు లాగాలి, ఆ గంటలకు రేటు అప్పుడే ఎక్కువ అవసరం.