గాయపడిన కార్మికుడు దరఖాస్తు ఎప్పుడు చేసుకోవాలి?

గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్‌లలోని వాహన విడిభాగాల కర్మాగారాల్లో పవర్ ప్రెస్‌లు లోహపు రేకులను ఒక్క దెబ్బతో కావలసిన ఆకారంలోకి మలుస్తాయి. రక్షణ పరికరాలు లేకపోయినా, పనిచేయకపోయినా ఆ దెబ్బ కార్మికుల వేళ్లపై పడే ప్రమాదం ఉంది. సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో వెలువరిస్తున్న నివేదికలు ఇలాంటి ప్రమాదాలను వివరిస్తున్నాయి.

గాయం మానిన కార్మికుడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. వైకల్య ప్రయోజనానికి వెంటనే దరఖాస్తు చేయాలా? లేక ఉద్యోగం నిలుస్తుందో లేదో చూశాక చేయాలా? ఆ పథకం దేన్ని కొలుస్తుందన్న దానిపైనే జవాబు ఆధారపడుతుంది.

అమెరికా సామాజిక భద్రతా పథకం ‘పని చేయలేని స్థితి’ని కొలుస్తుంది. నిర్ణీత పరిమితికి మించి సంపాదిస్తే అర్హత పోతుంది. ఆమోదం పొందినా సాధారణంగా మొదటి ఐదు నెలలకు చెల్లింపు ఉండదు. అందుకే అక్కడ చాలామంది ఉద్యోగాన్నీ ప్రయోజనాన్నీ తూకం వేసుకుని, కొంతకాలం వేచి చూస్తారు.

1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో మొదలైన మన ఈఎస్ఐ పథకం లెక్క వేరు. పనిలో గాయపడితే కోలుకునే వరకు సగటు రోజువారీ వేతనంలో 90 శాతం తాత్కాలిక వైకల్య భృతిగా అందుతుంది. ప్రమాదం జరిగిన రోజు కాక కనీసం మూడు రోజులు పనికి దూరమై ఉండాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఈ హక్కు వర్తిస్తుంది.

ఆ తర్వాత మెడికల్ బోర్డు ‘సంపాదనా సామర్థ్యం ఎంత తగ్గింది’ అని అంచనా వేస్తుంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం నష్టమని చట్టంలోని పట్టిక చెబుతోంది. రోజుకు 500 రూపాయల వేతనం ఉన్న కార్మికుడికి పూర్తి రేటు 450 రూపాయలు. బొటనవేలు కోల్పోతే అందులో 30 శాతం, అంటే రోజుకు 135 రూపాయలు జీవితాంతం అందుతాయి. మళ్లీ పనిలో చేరి వేతనం తీసుకుంటున్నా ఇది ఆగదు.

కాబట్టి ఇక్కడ ఎదురుచూడటం వల్ల లాభం లేదు, నష్టమే ఉంది. ప్రమాదం పనిలో జరిగినట్లు నమోదు కాకపోతే, అర్హత ఉన్నవారికి దక్కేది 70 శాతం అనారోగ్య భృతి మాత్రమే. అది కూడా ఏడాదికి 91 రోజులకే పరిమితం. శాశ్వత వైకల్య ప్రయోజనానికి దారి మూసుకుపోవచ్చు.

యజమానికి కోపం వస్తుందనో, ఉద్యోగం పోతుందనో జంకే కార్మికుడికి ఈ తేడా ముందుగా తెలియాలి. దరఖాస్తు చేయడమంటే ఉద్యోగం వదులుకోవడం కాదు. ప్రమాదం జరిగిన రోజునే దాన్ని యజమానికి తెలిపి, నమోదు చేయించడం అన్నిటికన్నా ముఖ్యం.