విప్పి పెట్టదగిన పైకప్పు

మన తాతల నాడు ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు వచ్చు కుటుంబములు గూడు బండ్లలో వచ్చెడివి. పొలమునకు ఎరువు తోలునపుడు ఆ బండికి గూడు ఉండదు. ప్రయాణము వచ్చినపుడు వెదురు తడికల గూడును తెచ్చి, బండిపై నిలిపి, త్రాళ్ళతో బిగించెడివారు. బండి ఒక్కటే, పనికి ఒక రూపు, ప్రయాణమునకు వేరొక రూపు. ముడులు వదులైనచో గతుకుల బాటలో గూడు ఊగిసలాడి విరిగిపోవును. మోటారు కార్లలోను ఇట్టి ఏర్పాటు కలదు. పైకప్పు లేని కారునకు గట్టి కప్పును అమర్చు విధమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము కలదు. “తెలుగులో చదివిన పిల్లవాడు రేపు కార్ఖానాలో ఏమి చేయగలడు?” అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. మన జిల్లాకు మోటారు పరిశ్రమ క్రొత్త కాదు. హిందుస్థాన్ మోటార్స్ వారి తిరువళ్ళూరు కర్మాగారమున 1998 నుండి కొన్ని సంవత్సరములు మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారైనవి. అందుచేత ఆ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయజాలము.

మొదట మన మదరాసు కారునే చూతము. స్టాండర్డ్ మోటార్ ప్రాడక్ట్స్ ఆఫ్ ఇండియా అను సంస్థ 1961 నుండి మదరాసులో స్టాండర్డ్ హెరాల్డ్ కార్లను తయారుచేసెను. ఇంగ్లండులో 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డునకు ఇది మన దేశపు రూపము. దాని ఆకృతిని రూపొందించినవాడు ఇటలీ దేశీయుడైన జొవాన్ని మికెలోత్తి. ఆ కారులో అడుగున వేరుగా ఒక ఉక్కు చట్రము ఉండును. పైభాగములన్నియు దానిపై బోల్టులతో బిగింపబడును. రెండు తలుపుల హెరాల్డునకు పైకప్పు కూడ బోల్టులతో నిలిచినదే. కనుకనే ఒకే అడుగు భాగముపై కప్పు గల కారును, కప్పు తెరచు కారును చేయగలిగిరి. ఆ చట్రమునే కురుచ చేసి, 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారును వెలువరించిరి. దానికి మామూలుగా గుడ్డ కప్పు ఉండును. కోరినవారికి విడిగా ఉక్కు కప్పును కూడ అమ్మెడివారు.

ఇక అమర్చు విధము. కప్పు ఆ కారునకై చేసినదే కావలెను. కొలతలు కలియని కప్పును బలవంతముగా వంచి బిగింపరాదు. మొదట గుడ్డ కప్పును, దాని కమ్ములను మడచి లోపల దాచవలెను, లేదా విప్పి తీయవలెను. ముందు అద్దపు చట్రమును, సీట్ల వెనుక భాగమును దుమ్ము లేకుండ తుడువవలెను. కప్పు అంచునకు ఉండు రబ్బరు పట్టీలను తడవి చూడవలెను. అవి ఎండి పగిలియున్నచో మార్చవలెను. కప్పును ఒక్కరు ఎత్తరాదు. ఇద్దరు చెరియొక ప్రక్క నిలిచి, రంగు గీరుకొనకుండ దుప్పటి పరచి, మెల్లగా దింపవలెను.

సాధారణముగా ముందు అద్దపు చట్రము పైనను, వెనుక భాగమునను, ఇరుప్రక్కల తలుపుల వెనుకను బిగింపులు ఉండును. ఇక్కడనే తొందరపాటు చెరుపు చేయును. ఒక బోల్టును పూర్తిగా బిగించి రెండవదానికి పోయినచో కప్పు ఒక ప్రక్కకు లాగబడి, మిగిలిన రంధ్రములు కలియవు. అన్ని బోల్టులను ముందు చేతితో తిప్పి వదులుగా నిలుపవలెను. పిదప తలుపులు మూసి, అద్దములు పైకెత్తి, సందు అంతట సమముగా ఉన్నదా అని చూడవలెను. ఆ తరువాత ఎదురెదురు మూలలుగా, కొంచెము కొంచెముగా స్పానరుతో బిగింపవలెను. రబ్బరు అణగవలెను గాని నలిగిపోరాదు.

తుదకు ఒకరు లోపల కూర్చుండగా మరియొకరు పైనుండి నీళ్ళు పోయవలెను. నీరు కారు చోటును సుద్దముక్కతో గుర్తించి సరిచేయవలెను. లోపలికి దిగిన నీరు అడుగు రేకును కనబడకుండ తుప్పు పట్టించును. కొంత దూరము నడిపిన పిదప బోల్టులను మరల పరీక్షింపవలెను.

బిగింపునకు ఇంత శ్రద్ధ ఏల? కప్పు తన బరువుతోనే నిలువదా? నిలువదు. వంపుగా ఉన్న కప్పు మీదుగా గాలి వేగముగా పారునపుడు అక్కడ ఒత్తిడి తగ్గును; లోపలి గాలి కప్పును పైకి నెట్టును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున గాలి తాకిడి చదరపు మీటరునకు సుమారు 30 కిలోల బరువునకు సమానము. కప్పును లేపు బలము దాని ఆకారమును బట్టి మారును గాని, ఈ లెక్కకు పోల్చదగినంత ఉండును. వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగు రెట్లగును. 40 కిలోమీటర్ల వేగమున కదలని కప్పు 80లో ఎగిరి, వెనుక వచ్చు సైకిలువానిపై పడవచ్చును.

ఇక ఒక హెచ్చరిక. నేటి కార్లలో పెక్కింటికి హెరాల్డువలె వేరు చట్రము లేదు. పైకప్పు కూడ బలము నిచ్చు భాగమే. అగ్గిపెట్టె అరను విడిగా తీసి మెలిపెట్టుడు, సులభముగా మెలిపడును. దానిని పెట్టెలో దూర్చి మెలిపెట్టుడు, అంత సులభముగా లొంగదు. అట్టి కారునకు కప్పు కోసినచో అడుగు భాగము క్రుంగును, తలుపులు మూతపడవు, ప్రమాదమున రక్షణ తగ్గును. తరువాత దానిపై ఎంత అందమైన కప్పు బిగించినను పోయిన బలము తిరిగి రాదు. రిజిస్ట్రేషన్ పత్రములోని, తయారీదారుడు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టు ఈ నియమమును దృఢపరచినది.

విద్యార్థులారా! మీలో కొందరు ఐ.టి.ఐ.లో చేరి వర్కుషాపులకు పోవుదురు. అక్కడ ఎవరైన “ఈ కప్పు కోసి తీయుము, డబ్బు ఇచ్చెదను” అనవచ్చును. అప్పుడు వేరు చట్రము కలదా లేదా యని మొదట చూచి, తగదని చెప్పగలవాడే పనివాడు. స్పానరు పట్టు విధము మేస్త్రీ నేర్పును. ఎందుకు బిగింపవలెనో, ఎందుకు కోయరాదో మీరు భౌతికశాస్త్ర పాఠములో చదివియే యున్నారు. దానిని తల్లిభాషలో అర్థము చేసికొన్నవాడు అక్కడి మేస్త్రీకి తమిళములోను చెప్పగలడు. తల్లిదండ్రుల ప్రశ్నకు మా సమాధానము ఇదియే.