లే ఆఫ్: మాట ఒకటే, అర్థాలు అరడజను

అమెరికాలో మన తెలుగువాళ్లకి నిద్ర పట్టనివ్వని ఇంగ్లీషు మాట ఏదంటే ‘లే ఆఫ్’ అనే చెప్పాలి. 2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాక ఊళ్లో అమ్మానాన్నలకి కూడా ఈ మాట నోటికొచ్చేసింది. హెల్మెట్ పెట్టుకుని సైట్‌లో తిరిగే మాలాంటివాళ్లకి మాత్రం ఇది పూటకో అర్థంలో వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ ఉద్యోగం పోయినట్టు కాదండీ.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివే రోజుల్లో లేఆఫ్ అనే మాట పేపర్లో మిల్లుల వార్తల్లోనే కనిపించేది. కరెంటు లేకో, ముడిసరుకు రాకో మిల్లు ఆగితే కొన్నాళ్లు పని ఇవ్వలేకపోవడం అన్నమాట. 1947 నాటి మన పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన నిర్వచనం కూడా ఇదే చెప్పింది. మస్టర్ రోల్‌లో పేరు అలాగే ఉండేది. నిబంధనలకు సరిపోయిన కార్మికుడికి సగం జీతం. అసలు ఉద్యోగమే తీసేస్తే దాని పేరు వేరు, రిట్రెంచ్‌మెంట్.

అమెరికాలో కూడా ఒకప్పుడు లే ఆఫ్ అంటే తాత్కాలికమే. ఇప్పుడు ఆఫీసుల్లో ‘యు ఆర్ లెయిడ్ ఆఫ్’ అన్నారంటే మళ్లీ పిలుపు మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. కన్‌స్ట్రక్షన్‌లో పాత వాసన ఇంకా పోలేదు. కాంక్రీటు పని అయిపోగానే ఆ క్రూని లే ఆఫ్ చేస్తారు, ఇంకో జాబ్ మొదలైతే అదే ఫోర్‌మ్యాన్ అదే మనుషులకి ఫోన్ కొడతాడు. అందుకే మా కార్పెంటర్లు ఈ మాటకి అంతగా బెదరరు. సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకి వింటేనే గుండె జారుతుంది.

అసలు తిరకాసు ‘హిమ్’ ఎక్కడ పెట్టామన్న దాంట్లో ఉంది. ‘లే హిమ్ ఆఫ్’ అంటే వాణ్ణి పనిలోంచి తీసెయ్. ‘లే ఆఫ్ హిమ్’ అంటే వాడి జోలికి పోకు, వదిలెయ్! ఒక్క మాట అటూ ఇటూ అయితే శిక్ష కాస్తా రక్షణ అవుతుంది. మా సైట్‌లో ఒకసారి కొత్తగా చేరిన వెల్డర్‌ని నలుగురూ ఆటపట్టిస్తుంటే ఫోర్‌మ్యాన్ విసుక్కుని ‘లే ఆఫ్ హిమ్’ అని అరిచాడు. టైమ్‌షీట్లు రాసే మన తెలుగు కుర్రాడు పాపం ఆ వెల్డర్ పేరు కొట్టేయబోయాడు. ఫోర్‌మ్యాన్ చూశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ వారం చెక్కు సంగతి ఏమయ్యేదో. ‘హిమ్’ బదులు ‘ద వెల్డర్’ అని ఉంటే మాత్రం ‘లే ఆఫ్ ద వెల్డర్’ అన్నది రెండు రకాలుగానూ అర్థమవుతుంది. అప్పుడు చెప్పినవాడి మొహం చూసి తెలుసుకోవాల్సిందే.

డాక్టరు ‘లే ఆఫ్ ద సోడా’ అంటే కూల్‌డ్రింకులు మానెయ్యమని. సర్వేయర్ బేస్‌లైన్ నుంచి పది అడుగులు ‘లే ఆఫ్’ చెయ్యమంటే కొలిచి గుర్తు పెట్టమని. రంగులు వేసేవాళ్లలో అయితే ఆఖరున బ్రష్షుని తేలిగ్గా ఒకే దిక్కుకి లాగి చారలు కనపడకుండా సాపు చెయ్యడాన్ని లేయింగ్ ఆఫ్ అంటారు. వీటి వల్ల ఎవరికీ నష్టం లేదు.

నష్టమల్లా కాగితం దగ్గర. పని ఆగినప్పుడు మీ కాగితం మీద ‘లెయిడ్ ఆఫ్’ అని ఉందా, ‘ఫైర్డ్’ అని ఉందా, ‘క్విట్’ అని ఉందా చూసుకోండి. మా టెక్సాస్‌లో నిరుద్యోగ భృతి ఇచ్చేది టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్. పని లేక తీసేసినవాళ్లకి, పని చేసుకునే అనుమతి, మిగతా అర్హతలు ఉంటే, భృతి దొరుకుతుంది. సరైన కారణం లేకుండా తనే మానేసినవాడికి మామూలుగా రాదు. ‘అందరూ పెట్టేదే’ అని ఆఫీసులో ముందుకు తోసిన రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి వచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చదవకుండా ఎందుకు పెడతారో!

మరి హెచ్1బి వాళ్ల సంగతి? 2017 జనవరిలో వచ్చిన నిబంధన ప్రకారం గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే అప్పటివరకే. లెక్క సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజు మర్నాటి నుంచి. తర్వాత ఇచ్చే సెవరెన్స్ డబ్బు వల్ల ఈ గడువు పెరగదు. తీసేసినా, మీరే మానేసినా ఈ 60 రోజులు ఒకటే. తిరుగు టికెట్ దగ్గర మాత్రం తేడా వస్తుంది. వీసా గడువు ఉండగానే కంపెనీ తీసేస్తే స్వదేశానికి వెళ్లే ప్రయాణానికి సమంజసమైన ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి, కాకపోతే అది ఉద్యోగి ఒక్కరికే, పెళ్లాం పిల్లల టికెట్లు ఆ లెక్కలో లేవు. రాజీనామా రాసిచ్చి ఉంటే ఆ ఒక్క టికెట్ కూడా అడగలేరు.