కూచిపూడి నాట్యం: సత్యభామ వేషం ఎవరిది?

కృష్ణా జిల్లా మొవ్వకు సమీపాన ఉన్న కూచిపూడి పేరు వినగానే నేడు మనస్సులో మెదిలేది నర్తకి రూపం. కాని తరతరాలుగా ఈ గ్రామపు మేళాలలో స్త్రీకి స్థానం లేదు. భాగవతుల బ్రాహ్మణ కుటుంబాల పురుషులే సత్యభామ వేషం ధరించేవారు. ఆ ఇళ్ల ఆడపిల్లలకు గజ్జె కట్టే అవకాశం ఉండేది కాదు.

ఈ గ్రామ చరిత్రలో ఒక ముస్లిం పాలకుని ప్రస్తావన కూడా ఉంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా (పాలన 1672-1687) వారి ప్రదర్శన చూసి మెచ్చి, గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని ఐతిహ్యం. అయితే మతాల ఎల్లలు దాటిన ఆదరణ కులం ఎల్లను గాని, స్త్రీ పురుష భేదాన్ని గాని దాటలేదు.

ఇదే తీరాంధ్రంలో కలావంతుల స్త్రీలు కూడా భామాకలాపం ఆడేవారు. జమీందారుల కొలువులలో 'సలాం దరువు' పాడి ఆడేవారు. పాత్ర ఒక్కటే. పురుషుడు ఆడితే అది భక్తి, శాస్త్రం. కలావంతురాలు ఆడితే అపవాదు.

1947 నాటి మద్రాసు చట్టం బాలికలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో వచ్చిన సవరణ పెండ్లిళ్లలోని మేళాలను కూడా అడ్డుకున్నది. దురాచారం పోవలసిందే. ఆ సంస్కరణను కోరినవారిలో ఆ కులపు స్త్రీలు కూడా ఉన్నారు. కాని దురాచారంతోపాటు వారి విద్యకు, జీవనోపాధికి కూడా తెర పడింది. మరోవైపు స్త్రీవేషధారణలో అసమానుడైన వేదాంతం సత్యనారాయణశర్మకు (1935-2012) 1970లో పద్మశ్రీ లభించింది. ఆయన ప్రతిభ నిస్సందేహం. ప్రశ్న ఆయనను గురించి కాదు, సమాజం వాడిన రెండు తూనికలను గురించి.

తరువాత తలుపులు తెరుచుకున్నాయి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించారు. అప్పటి నుండి చదువుకున్న పట్టణ కుటుంబాల కుమార్తెలు వేదిక ఎక్కారు. కాని గురుదక్షిణ, ఆహార్యం, అరంగేట్రం ఖర్చులు భరించగల ఇళ్లకే ఆ తలుపు సులభంగా తెరుచుకున్నది. 1980 నాటి 'శంకరాభరణం' చిత్రంలో వేశ్య కూతురైన తులసి పాత్రను జనం కంటతడితో ఆదరించారు. ఆ పాత్ర పోషించిన మంజుభార్గవి స్వయంగా కూచిపూడి నర్తకి. తెరమీది తులసికి దక్కిన సానుభూతి, పల్లెలలో మిగిలిన కలావంతుల వృద్ధ స్త్రీలకు అంత సులభంగా దక్కలేదు.

ఏ కళనైనా తూచేటప్పుడు, అది ఎంత అందమైనదని అడిగితే చాలదు. ఆ వేదికపైకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని దించివేశారు అని కూడా అడగాలి. న్యాయం అక్కడ మొదలవుతుంది.