ఉన్నవి ముప్పై రెండే... 46వ పన్ను ఏది?

పంటి డాక్టరు మన నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తూ పక్కనున్న అసిస్టెంటుతో ‘ఫోర్ సిక్స్’ అంటారు. చీటీ మీద 46 అని పడుతుంది. లెక్కకు నోట్లో ఉన్నవే ముప్పై రెండు. మరి ఈ నలభై ఆరు ఎక్కడిది?

అది నలభై ఆరు కాదు. నాలుగు, ఆరు. నోటిని నాలుగు భాగాలు చేస్తే మొదటి అంకె ఏ భాగమో చెబుతుంది. కుడి పైదవడ 1, ఎడమ పైదవడ 2, ఎడమ కిందిదవడ 3, కుడి కిందిదవడ 4. కుడిఎడమలు మనవే, ఎదుటి డాక్టరువి కావు. రెండో అంకె ముందుపళ్ల మధ్య నుంచి వెనక్కి వేసే వరస. 1, 2 కొరికే పళ్లు, 3 కోరపన్ను, 4, 5 చిన్న దవడపళ్లు, 6, 7 పెద్దవి, 8 జ్ఞానదంతం.

బడిలో కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు అని చదువుకున్నాం. మంచి పేర్లే. కానీ అవి పన్ను చేసే పని చెబుతాయి, చోటు చెప్పవు. చర్వణకాలే పన్నెండు. పైగా పంటినొప్పి మనిషిని మోసం చేస్తుంది. లోపల నరం బాధపడుతుంటే అది పైపన్నో కిందిపన్నో చాలామంది చెప్పలేరు. పీకాల్సింది ఒకటైతే చీటీ మీద మరొకటి పడకూడదు. అందుకే ఈ అంకెలు.

1861లో వియన్నాలో అడోల్ఫ్ జిగ్మొండి అడ్డగీత, నిలువుగీత గీసి పళ్లకు 1 నుంచి 8 వరకు అంకెలిచ్చారు. 1870లో అమెరికాలో కోరిడన్ పామర్‌దీ ఆ దారే. గీతల్ని ఫోన్లో చెప్పలేం, టైపు చేయడమూ కష్టం. 1970లో అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య ఆమోదించిన రెండంకెల పద్ధతిలో ఆ చిక్కు లేదు. మన డాక్టర్లు ఎక్కువగా రాసేది ఇదే.

అమెరికాలో మాత్రం 1 నుంచి 32 దాకా వరసగా లెక్కపెడతారు. అక్కడి 14 ఎడమవైపు పైన పెద్ద దవడపన్ను. ఇక్కడి 14 కుడివైపు పైన చిన్నది. అక్కడి నుంచి సెలవులకు వచ్చి ఇక్కడ వైద్యం చేయించుకునేవాళ్లు అంకె ఒక్కటే చెబితే చాలదు, ఏ దేశపు లెక్కో కూడా చెప్పాలి.

పాలపళ్లకూ మన రెండంకెల పద్ధతే. భాగాలకు 5 నుంచి 8 వరకు అంకెలు, ఒక్కో భాగంలో అయిదే పళ్లు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇక్కడే ఉంది. సుమారు ఆరేళ్లకు, చివరి పాలపన్ను వెనక ఆరో పన్ను సద్దు లేకుండా వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు, ఇంటికప్పు మీదికి విసరడానికి ఏమీ ఉండదు. అందుకే అదీ పాలపన్నే అనుకుంటాం. పుచ్చినా, ‘ఊడేదే కదా’ అని వదిలేస్తాం.

ఇంట్లో ఆరేడేళ్ల పిల్లలుంటే ఈ రాత్రి పళ్లు తోమేటప్పుడు టార్చి వేసి చూడండి. ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టండి, ఊడిన పళ్ల ఖాళీలనూ కలుపుకోండి. ఆరోది కనిపిస్తే, అది పోతే మళ్లీ వచ్చేది కాదు.